పాతబడ్డ కారు రిమోట్ కీకి స్ప్రే పెయింట్ వేస్తే నిలుస్తుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కారు కొని పదేళ్లు దాటింది. ఫ్లిప్ కీ (పలక మడిచి పెట్టుకునే తాళం) అంచుల్లో రంగు పోయి తెల్లబారింది, వెనకవైపు పట్టుకుంటే వేళ్లకు జిగురుగా అంటుతోంది, అన్‌లాక్ బటన్ మీద బొమ్మ పూర్తిగా చెరిగిపోయింది. ఒక నల్ల స్ప్రే క్యాన్ తెచ్చి కొడితే కొత్తదానిలా అవుతుందా, ఏ పెయింట్ కొనాలి, రిమోట్ ఏమైనా పాడవుతుందా అని అడిగారు.

కొత్తదానిలా అవుతుంది. ఎన్నాళ్లుంటుందన్నదే అసలు సంగతి. కార్ల బంపర్లు, లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ పెయింట్ చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. తాళాలు పక్కపనిగా వస్తూనే ఉంటాయి. నా లెక్కలో కారు మొత్తం మీద ఇంత నలిగే వస్తువు ఇంకోటి లేదు. బంపర్‌ని రోజుకు నాలుగుసార్లు చిల్లర డబ్బుల మధ్య వేసి ఎవరూ తిప్పరు, చెమట చేత్తో పిసకరు, శానిటైజర్ పూయరు. తాళానికి ఇవన్నీ రోజూ జరుగుతాయి. కాబట్టి ఎంత బాగా వేసినా, ఏదో ఒకనాడు అంచుల్లో రంగు లేస్తుంది. ఆ సంగతి మొదటే ఒప్పుకుని, లేచినా కంటికి ఆనని రంగు ఎంచుకోవడమే ఇందులో తెలివైన పని. మిగతాదంతా ఆ రోజును వీలైనంత వెనక్కి నెట్టడం.

ఇంకో మాట. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, పెయింట్ వాటిలో ఒకదానికే మందు. జిగురు మీద పెయింట్ కొడితే అది ఎప్పటికీ ఆరదు. రబ్బరు బటన్ మీద కొడితే వారం తిరగకుండా పొరలు పొరలుగా ఊడుతుంది. ఒక్కోటీ విడిగా చూద్దాం.

ముందు అరిగిన అంచును మంచి వెలుతురులో దగ్గరగా పెట్టుకుని చూడండి. లోపలా బయటా ఒకే నలుపు అయితే, అది రంగు కలిపి పోసిన ప్లాస్టిక్కే, పైన పెయింట్ ఏమీ లేదు. అలాంటిది అరిగితే తెల్లబడదు. నునుపెక్కి మెరుస్తుంది, లేదా సన్నని గీతలు పడి బూడిదరంగుగా కనిపిస్తుంది. నలుపు కింద వేరే రంగు బయటపడిందంటే ఫ్యాక్టరీలో పెయింట్ వేశారని అర్థం. వెండిలా మెరిసే పట్టీ అరిగి, దాని కింద రాగిరంగు తొంగిచూస్తోందంటే అది పెయింటు కాదు, క్రోమ్ ప్లేటింగ్. ప్లాస్టిక్ మీద ముందు రాగి, తర్వాత నికెల్, చివర క్రోమియం పొర ఎక్కిస్తారు. ఆ పొర లేచిన చోట అంచు బ్లేడులా ఉంటుంది, వేలు కోసుకుంటుంది కూడా. లేచినంత మేరా గీకి తీసేసి, అంచు చేతికి తగలనంతగా పాముకుని, అప్పుడే పెయింట్ గురించి ఆలోచించాలి. గట్టిగా ఉన్న క్రోమ్ జోలికి పోకండి. దాన్ని టేపుతో కప్పేసి మిగతాది వేసుకోవడం నయం.

మొదటి రకం, అంటే రంగు కలిసిన నల్ల ప్లాస్టిక్, లేదా అద్దంలా మెరిసే పియానో బ్లాక్ అయితే నేను అసలు పెయింట్ వద్దంటాను. 1500 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి వాడే గరుకు కాగితం), తర్వాత 2000, రెండూ నీళ్లలో తడుపుతూ తేలిగ్గా పామండి. తర్వాత పెయింట్ షాపులో దొరికే రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డకు రాసి ఓపిగ్గా రుద్దండి. గీతలు పోయి మళ్లీ మెరుపొస్తుంది. వేసిన పెయింటే లేదు కాబట్టి ఊడే బాధా లేదు. గరుకు టెక్స్చర్ ఉన్న షెల్‌కు, అంటే తాళం డొప్పకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఆ గరుకంతా పోయి మచ్చగా మిగులుతుంది.

ఇక జిగురు. చాలా కార్లలో తాళాల మీద, డోర్ హ్యాండిల్స్ మీద, ఏసీ నాబ్‌ల మీద చేతికి మెత్తగా తగలాలని ఒక పాలీయురెథేన్ పూత వేస్తారు. సాఫ్ట్ టచ్ అంటారు. కొన్నేళ్లపాటు గాలిలో తేమ, చెమట తగిలేసరికి ఆ పూత లోపలే విరిగిపోయి బంకలా మారుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది త్వరగా వస్తుంది. అది మురికి కాదు, సబ్బుతో పోదు. మెడికల్ షాపులోనో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే చోటో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు తడిపి రుద్దితే నల్లగా, ముద్దలు ముద్దలుగా వస్తుంది. విసుగొచ్చే పనే. మూలల్లో పాత టూత్‌బ్రష్ వాడండి. పూతంతా పోయాక అడుగున గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. చాలామందికి అది చూశాక పెయింట్ అక్కర్లేదనిపిస్తుంది, ఎందుకంటే కింద ఉన్నది చాలావరకు శుభ్రమైన నల్ల ప్లాస్టిక్కే. మీ తాళం వెనకభాగం విషయంలో నా సలహా ముందు ఇదే. ఇక్కడిదాకా చేసి, ఒకసారి చూసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి.

ఆల్కహాల్ బదులు ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ రిమూవరో, పెయింట్ షాపు థిన్నరో వాడకండి. రిమూవర్లలో చాలావాటిలో అసిటోన్ ఉంటుంది. తాళం షెల్ ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్, అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది. పెయింట్ షాపుల్లో అమ్మే ఎన్‌సీ థిన్నరూ అంతే. ఒక్క తుడుపుకే పైభాగం మెత్తబడి గుడ్డ పోగులు అంటుకుంటాయి, ఆరాక ఆ గుడ్డ నేత అచ్చు అలాగే ఉండిపోతుంది. షెల్ విప్పితే లోపలివైపు చిన్న అక్షరాల్లో ఏ ప్లాస్టిక్కో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అనో, పీసీ ప్లస్ ఏబీఎస్ అనో ఉంటే పెయింట్ బాగా పడుతుంది. పీపీ (పాలీప్రొపిలీన్) అని ఉంటే మాత్రం ప్లాస్టిక్ ప్రైమర్, అంటే రంగు పట్టుకునేలా ముందు వేసే పూత, లేకుండా ముట్టుకోవద్దు, ఆ ప్లాస్టిక్‌కి ఏదీ అంటదు.

విప్పడం గురించి కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే పెయింట్ చెడితే మళ్లీ వేసుకోవచ్చు, ఇక్కడ తేడా వస్తే కారే స్టార్ట్ కాదు. షెల్ రెండు డొప్పలుగా ఉంటుంది. కొన్నింటికి ఒక చిన్న స్క్రూ ఉంటుంది, అది స్టిక్కర్ కిందో బ్యాడ్జ్ కిందో దాగి ఉండొచ్చు. కీచైన్ తగిలించే చోట సన్నని సందు ఉంటుంది. అక్కడ పాత ఏటీఎం కార్డు మూల దూర్చి మెల్లగా తిప్పండి. స్క్రూడ్రైవర్ అయితే అంచు చితుకుతుంది, ఆ చితికిన గుర్తు పెయింట్ కింద ఇంకా బాగా కనబడుతుంది. ముందు సెల్లు తీసేయండి. దాని మీద సీఆర్ 2032 అనో, సీఆర్ 1620 అనో రాసి ఉంటుంది, ప్లస్ గుర్తు ఎటువైపుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సర్క్యూట్ బోర్డును అంచుల దగ్గర పట్టుకుని తీసి, ఒక డబ్బాలో మూత పెట్టి ఉంచండి. ఫ్లిప్ కీ అయితే స్ప్రింగు ఒకటుంటుంది. అది ఎన్ని చుట్లు బిగించి ఉందో చూసుకోకుండా వదిలేస్తే ఎగిరి మంచం కిందకు పోతుంది, మళ్లీ బిగించేటప్పుడు ఎంత తిప్పాలో తెలియదు. తీసే ప్రతి అడుగూ వీడియో తీసుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యం చిప్పు. సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో, మారుతీ వాళ్లు ఐక్యాట్స్ అంటారు చూడండి, తాళం తలలో ఒక ట్రాన్స్‌పాండర్ చిప్ ఉంటుంది, కారు తాళాన్ని గుర్తుపట్టేది దాంతోనే. కొన్నింటిలో అది బోర్డు మీదే ఉంటుంది. కొన్నింటిలో బియ్యపుగింజ కంటే కాస్త పెద్ద గాజు గొట్టంలానో, చిన్న నల్లటి ముక్కలానో విడిగా షెల్ గాడిలో కూర్చుని ఉంటుంది. దానికి సెల్లు అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే దానికి శక్తి అందుతుంది. అందుకే చాలామంది దాన్ని చూడకుండా షెల్‌తో పాటే కడిగేస్తారు, పామేస్తారు, ఒక్కోసారి పాత షెల్‌తో కలిపి చెత్తలో పారేస్తారు. చిప్ లేకపోతే రిమోట్ పనిచేస్తుంది, డోర్లు తెరుచుకుంటాయి, ఇంజిన్ మాత్రం అందుకోదు, అందుకున్నా వెంటనే ఆగిపోతుంది. షెల్ ఖాళీ చేశాక లోపలి ప్రతి గాడినీ టార్చి వేసి చూడండి. చిప్‌ని బోర్డుతో పాటు అదే డబ్బాలో పెట్టండి.

సెల్లు తీస్తే కారు తాళాన్ని మర్చిపోతుందేమో అని టెన్షన్ పడేవాళ్లున్నారు. సాధారణంగా అలా జరగదు. కోడ్ సెల్లు మీద ఆధారపడని మెమరీలో ఉంటుంది.

షెల్ సిద్ధం చేయడంలో వరస తప్పకూడదు. ముందు జిడ్డు, తర్వాత గరుకు. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, టూత్‌బ్రష్‌తో బాగా కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉండగానే పేపర్ వేస్తే ఆ జిడ్డునే గీతల్లోకి రుద్దినట్టవుతుంది. ముఖ్యంగా డ్యాష్‌బోర్డ్ పాలిష్. అందులో ఉండే సిలికాన్ పిసరంత ఉన్నా పెయింట్ అక్కడ నిలవకుండా గుండ్రంగా పక్కకు జరిగి గుంటలు పడుతుంది, దాన్నే మా షెడ్లలో ఫిష్ ఐ అంటారు. ఆ తర్వాత 600 వాటర్ పేపర్‌తో తడిపి పామి, 800తో ముగించండి. లోతైన గాట్లుంటే లప్పం పెట్టొచ్చు కానీ, తాళం మీద లప్పం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. కింద పడినప్పుడు మొదట పగిలేది అదే. పాత పెయింట్ అంతా తీయనక్కర్లేదు. గట్టిగా ఉన్నది ఉంచి, లేచిన చోట అంచు గోటికి తగలకుండా ఏటవాలుగా పాముకుంటే చాలు.

పదునైన అంచుల్ని ఇప్పుడే 800 పేపర్‌తో కాస్త మొద్దు చేయండి. తడి పెయింట్‌కు ఒక గుణముంది, పదునైన అంచు మీద నిలవదు, అటూ ఇటూ లాక్కుపోతుంది. అంటే తాళంలో ఎక్కువగా రాసుకునే చోటే పూత అన్నిటికంటే పలచగా పడుతుంది. అంచుల్లో రంగు ముందు పోవడానికి సగం కారణం ఇదే. కొంచెం గుండ్రం చేసిన అంచు మీద పూత మందం నిలుస్తుంది. స్ప్రే కొట్టేటప్పుడు కూడా ముందు అంచులకు కొట్టి, తర్వాత మధ్యభాగం వేయాలి.

చివరిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచాక, చేత్తో మళ్లీ ముట్టుకోకండి. తలకు నూనె రాసుకున్న చేతులతో అసలే వద్దు. లోపలివైపు డబుల్ సైడ్ టేపుతో ఒక ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించి పట్టుకుంటే అన్ని వైపులా కొట్టొచ్చు. పుల్లను ఆరబెట్టడానికి గుచ్చేది అట్టపెట్టెకు, థర్మకోల్‌కు కాదు. స్ప్రేలోని సాల్వెంట్‌కి (రంగును పలచగా కరిగించి ఉంచే ద్రవానికి) థర్మకోల్ కరిగి కుంగిపోతుంది, డొప్ప పక్కకు ఒరుగుతుంది.

టేపు ఎక్కడ వేయాలో చాలామంది పట్టించుకోరు. రెండు డొప్పలు కలిసే గాడి, లోపలి ముఖం, సెల్లు కూర్చునే చోటు, ఎల్‌ఈడీ కన్నం, తాళపు పలక మడిచేటప్పుడు రాసుకునే గోడ, బటన్లు వచ్చే కన్నాల లోపలి అంచులు, వీటికి రంగు తగలకూడదు. లెక్క చూడండి. ఒక్కో పూత ఆరాక సుమారు 15 నుంచి 25 మైక్రాన్లుంటుంది. ప్రైమర్, రెండు మూడు పూతల రంగు, పైన క్లియర్ (రంగులేని రక్షణ పూత) కలిపితే 100 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు చేరుతుంది. బటన్ కన్నానికి రెండు వైపులా ఆ మందం చేరిందంటే, వదులుగా ఆడాల్సిన బటన్ ఇరుక్కుంటుంది. నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత రిమోట్ జేబులో దానంతటదే సిగ్నల్ పంపుతూ సెల్లు తినేస్తుంది. కన్నం అంచున మాస్కింగ్ టేపు సన్నగా కోసి లోపలికి మడిచి అంటించండి. చివరి పూత ఇంకా మెత్తగా ఉండగానే లాగేయాలి, ఆరాక లాగితే రంగు పెచ్చులా లేస్తుంది.

పెయింట్ ఏది కొనాలి? ప్లాస్టిక్ ప్రైమర్, రంగు, క్లియర్, మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి తీసుకోండి. బజార్లో దొరికే చాలా క్యాన్లు ఆక్రిలిక్ లాకర్ అనే త్వరగా ఆరే రకం పెయింట్. కొన్ని ఎనామెల్, అది నెమ్మదిగా ఆరే రకం. ఎనామెల్ సగం ఆరిన దశలో దాని మీద లాకర్ కొడితే, కింది పొర ఉబ్బి ముసలివాళ్ల చర్మంలా ముడతలు పడుతుంది, అప్పుడు మొత్తం గీకి మళ్లీ మొదటికి రావాల్సిందే. క్యాన్ వెనక రీకోట్ సమయం, అంటే మళ్లీ ఎప్పుడు పూత వేయొచ్చో, రాసి ఉంటుంది, దాన్ని తప్పకుండా పాటించండి. నాలుగైదు రోజుల్లో తెగ ఊడిపోయిందని చెప్పే తాళాల్లో ఎక్కువ, ప్రైమర్ లేకుండా మెరిసే ప్లాస్టిక్ మీద నేరుగా కొట్టినవే.

రంగు విషయంలో నా మాట ఇదే. షెల్ ప్లాస్టిక్ నలుపైతే నలుపే వేయండి, ముదురు బూడిద కూడా ఫర్వాలేదు. కారు రంగుకు మ్యాచ్ చేసి ఎరుపో తెలుపో వేయించుకుంటే మొదటి నెల అందరూ మెచ్చుకుంటారు, ఆ తర్వాత ప్రతి గీతా అడుగునున్న నలుపుతో ఎత్తి చూపుతుంది. మెరుపు ఎంత ఉండాలన్నది ఇంకో ప్రశ్న. బాగా మెరిసే గ్లాసీ అయితే వేలిముద్రలు, సన్నగీతలు కనబడతాయి. పూర్తి మ్యాట్ బొటనవేలు రాసుకునే చోట కొన్ని వారాల్లోనే నిగ్గుతేలి మరకలా మెరుస్తుంది. రెండింటికీ మధ్యలో ఉండే సాటిన్ దీనికి సరిపోతుంది. పీకితే ఊడిపోయే రబ్బరు స్ప్రేలు అలాయ్ వీల్స్‌కి బాగానే ఉంటాయి, తాళానికి వద్దు, గోటితోనే లేచిపోతుంది.

కొట్టే రోజు వాతావరణం చూసుకోండి. వాన ముసురు పట్టినప్పుడు లాకర్ కొడితే, సాల్వెంట్ ఆవిరయ్యే వేగానికి పైభాగం చల్లబడి గాలిలోని తేమ అక్కడే కమ్ముకుంటుంది. నల్లరంగు మీద పాలు పూసినట్టు తెల్లని పొగ వస్తుంది. మే నెల మధ్యాహ్నం దానికి ఉల్టా. తుంపర దారిలోనే ఆరిపోయి డొప్ప మీద పొడిగా, ఇసుక చల్లినట్టు పడుతుంది. ఎండాకాలమైతే పొద్దున్నే, గాలి వీచని నీడలో కొట్టుకోవాలి. గ్యాస్ పొయ్యి, దోమల చక్రం, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు, క్యాన్లో ఉండేది మండే గ్యాసే. మిగిలిన క్యాన్‌ని కారులో వదిలేయకండి. దాని మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి సులువుగా దాటుతుంది.

క్యాన్ లోపల గోళీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు బాగా ఊపండి. ముందు అట్ట మీద కొట్టి చూసుకుని, తర్వాత 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, డొప్ప బయట మొదలుపెట్టి బయటే ఆపేలా చెయ్యి జరపండి. మొదటి పూత కింది రంగు ఇంకా కనబడేంత పలచగా ఉండాలి. అక్కడే ఆగడం కష్టం, చెయ్యి ఆగదు. ఇంకాస్త కొడదామనుకున్నప్పుడే పెయింట్ జారుతుంది. పూతకూ పూతకూ మధ్య పది నిమిషాలివ్వండి. ధూళి పడితే తడి మీద గోరు పెట్టకండి. ఆరనిచ్చి, 1000 పేపర్‌తో ఒక్కసారి పామి, మళ్లీ పలచగా వేసుకోండి.

ఇప్పుడు క్లియర్. ఇంట్లో వేసిన తాళం ఎన్నాళ్లు నిలుస్తుందో దీన్ని బట్టే ఉంటుంది. మామూలు క్యాన్ క్లియర్ వన్-కే రకం. అంటే సాల్వెంట్ ఎగిరిపోతే ఆరుతుంది, మళ్లీ సాల్వెంట్ తగిలితే మెత్తబడుతుంది. శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాలే. దోమల క్రీముల్లో కొన్నింటిలో ఉండే డీట్ అనే రసాయనం పెయింట్లనూ ప్లాస్టిక్‌లనూ పాడుచేస్తుంది. క్రీము రాసుకున్న చేత్తో తాళం పట్టుకుంటే మర్నాటికి వేలి అచ్చులు దిగి ఉంటాయి. టూ-కే క్లియర్ అలా కాదు. అందులో హార్డెనర్ కలుస్తుంది, రెండూ రసాయనికంగా ముడిపడి గట్టిపడతాయి, ఆ తర్వాత ఆల్కహాల్ దాన్ని ఏమీ చేయలేదు. టూ-కే క్యాన్లు కూడా ఆన్‌లైన్లో ఉన్నాయి. అడుగున మీట నొక్కితే హార్డెనర్ కలుస్తుంది, ఆపైన ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. కానీ హార్డెనర్‌లో ఐసోసైనేట్లుంటాయి. ఊపిరితిత్తులకు మంచివి కావు, ఆస్తమా తెచ్చిపెడతాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. సరైన రెస్పిరేటర్ లేనివాళ్లు ఇంట్లో, బాల్కనీలో కొట్టొద్దని గట్టిగానే చెబుతున్నాను.

దీనికో సులువైన దారి ఉంది. ప్రైమర్, రంగు ఇంట్లో వేసుకుని, ఆరిన డొప్పల్ని పుల్లకు అంటించినట్టే మీ దగ్గర్లోని డెంటింగ్ పెయింటింగ్ షెడ్డుకు పట్టుకెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటైతే వీధికి పది ఉంటాయి. వాళ్లు రోజూ ఏదో ఒక బంపర్‌కో డోర్‌కో టూ-కే క్లియర్ కలుపుతూనే ఉంటారు. "అన్నా, క్లియర్ కొట్టేటప్పుడు దీని మీద కూడా రెండు చేతులు తిప్పు" అంటే సరిపోతుంది. గన్నులో మిగిలే చుక్కలే మీకు చాలా ఎక్కువ. చాలామంది డబ్బులు కూడా అడగరు, టీకి ఇస్తే తీసుకుంటారు. ఒక్కటి గుర్తుంచుకోండి, మీరు ఇంట్లో వేసిన లాకర్ పూర్తిగా ఆరి ఉండాలి, లేదంటే పైన బలమైన క్లియర్ పడగానే కింద ముడత లేస్తుంది. మీరు ఏ రంగు, ఏ క్యాన్ వేశారో షెడ్డువాళ్లకు చెప్పండి, ముందు పలచగా ఒక తుంపర కొట్టి చూస్తారు.

ఆరడం గురించి. చేతికి అంటకపోవడం పావుగంటలో వస్తుంది. గట్టిపడటానికి కనీసం వారం. వాసన చూడండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా పెయింట్ వాసన వస్తోందంటే లోపలి నుంచి సాల్వెంట్ ఇంకా వెళ్తోందన్నమాట. అలాంటప్పుడు సిలికాన్ కవర్ తొడిగితే దాని గీతలన్నీ అచ్చు దిగుతాయి, కొన్ని మెత్తని ప్లాస్టిక్ కవర్లయితే పెయింట్‌కి అతుక్కునే పోతాయి. ఆరిన తర్వాత కూడా కవర్ వేస్తే నెలకోసారి తీసి తుడవాలి. లోపల చేరిన ఇసుకరేణువులు, చెమట కలిసి పెయింట్‌ని మెల్లగా అరగదీస్తాయి, బయటికి మాత్రం కవర్ కొత్తగానే కనిపిస్తుంది.

బటన్ల సంగతి. మీది మెత్తని రబ్బరు ప్యాడ్ అయితే పెయింట్ మాట మర్చిపోండి. సిలికాన్ రబ్బరుకు ఏ పెయింటూ అంటదు, నొక్కిన ప్రతిసారీ సాగుతుంది కూడా. మోడల్ పేరు చెప్పి కొత్త ప్యాడ్ అడిగితే చవగ్గానే దొరుకుతుంది. హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి స్పేర్ల బజారులోనో ఆన్‌లైన్లోనో చూడండి. పాత ప్యాడ్ వెనకాల నల్లటి చుక్కలుంటే వాటిని ఆల్కహాల్‌తో గట్టిగా రుద్దకండి, నొక్కినప్పుడు సర్క్యూట్ కలిపేవి అవే. గట్టి ప్లాస్టిక్ బటన్లైతే, బొమ్మ లోతుగా చెక్కి ఉందో పైన అచ్చు వేసి ఉందో గోటితో చూడండి. చెక్కినదైతే అందంగా తిరిగొస్తుంది. తెల్ల ఆక్రిలిక్ రంగు చుక్కను పళ్లపుల్ల కొనతో గాడిలో నింపి, ఒక నిమిషం ఆగి, పాత విజిటింగ్ కార్డు అంచుతో పైన ఉన్నది గీసెయ్యండి. గాడిలోది గాడిలోనే ఉంటుంది, తాళం గుర్తు సన్నని గీతతో తేలుతుంది. చుట్టూ మిగిలిన మసకని తడి గుడ్డతో ఒకే దిక్కుగా తుడవండి. ఇది క్లియర్ కంటే ముందు చేయాల్సిన పని. అచ్చు వేసిన బొమ్మ చెరిగిపోతే ఖాళీగా వదిలేయడమే మేలు. సొంత కారు, ఏ బటన్ ఏదో వేలికి తెలిసే ఉంటుంది.

రిమోట్ పాడవుతుందా అన్నారు. బోర్డు బయటికి తీసి కొడితే పాడవడానికి ఏమీ లేదు. మన దగ్గర కార్ల రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, ప్లాస్టిక్, మామూలు పెయింట్ ఆ తరంగాలకు అడ్డు కావు. సిల్వర్ మెటాలిక్‌లో అల్యూమినియం రేకులుంటాయి కదా అంటారు. ఆ రేకులు పెయింట్‌లోని రెసిన్‌లో (ఆరి గట్టిపడే పదార్థంలో) విడివిడిగా చిక్కుకుని ఉంటాయి, ఒకదానికొకటి అంటుకుని లోహపు పొరలా తయారవవు, కాబట్టి పలచని మెటాలిక్ పూతతో రేంజిలో తేడా తెలియదు. లోహపు రేకు స్టిక్కర్లు, నిజమైన కార్బన్ ఫైబర్ తొడుగులు మాత్రం వద్దు, అవి విద్యుత్తును పోనిచ్చేవి. పుష్ స్టార్ట్ స్మార్ట్ కీ అయితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ, అది కారు పంపే బలహీనమైన సిగ్నల్‌ని విని బదులివ్వాలి.

ఇంత కథ ఎందుకు, ఖాళీ షెల్ కొనేస్తే పోలేదా అంటే, చాలా సందర్భాల్లో అదీ సరైనదే. కొన్ని వందల్లో వస్తుంది. షెల్ పగిలినా, కీచైన్ రింగు తెగినా, ఫ్లిప్ స్ప్రింగు కూర్చునే గాడి అరిగినా పెయింట్ డబ్బులు దండగ, షెల్ మార్చుకోండి. కానీ బజార్లో దొరికే షెల్లుల్లో బోర్డు కూర్చునే పిన్నులు అటూ ఇటూ ఉండి బటన్ సగం నొక్కుకోవడం, పలక వదులుగా ఊగడం మామూలే. కంపెనీతో వచ్చిన షెల్ ప్లాస్టిక్ మందం, బిగింపు వాటికి రావు. అందుకే ఒరిజినల్ షెల్ గట్టిగా ఉండి కేవలం అందం పోయినప్పుడు నేను పెయింట్ వైపే మొగ్గుతాను. షెల్ మార్చినా పాతదాన్ని పారేయకండి. కారు దొంగతనం క్లెయిమ్ వస్తే బీమా కంపెనీలు రెండు తాళాలూ అడుగుతాయి, అప్పుడు ఒరిజినల్ షెల్ చేతిలో ఉంటే అనవసరపు ప్రశ్నలు తగ్గుతాయి.

మీ తాళానికి నా వరస ఇదీ: వెనకవైపు జిగురు ఆల్కహాల్‌తో తీసేయండి, బటన్లు రబ్బరువైతే ప్యాడ్ కొత్తది కొనండి, అంచులు తెల్లబారిన పైడొప్పకు మాత్రం ప్రైమర్, సాటిన్ నలుపు, షెడ్డులో క్లియర్. దీనికంతా కనీసం వారం పడుతుంది కాబట్టి, మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న రెండో తాళంతో కారు స్టార్ట్ చేసి చూసుకోండి. అది ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంటే సెల్లు అయిపోయి ఉంటుంది, ముందు అది మార్చండి. రెండో తాళమే లేకపోతే ఇది విప్పకండి. ముందు డూప్లికేట్ చేయించుకోండి. ఒక తాళం పనిచేస్తుండగా ఇంకోటి ప్రోగ్రామ్ చేయడానికీ, ఒక్కటీ లేకుండా చేయడానికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది.